కళ్ళు లేని బొత్తాం

కుట్టుమిషను పక్కన చిన్న స్టూలు మీద నాలుగేళ్ళ పిల్ల ఒకతె నోటి మీద వేలేసుకుని కూర్చుని ఉంది. చూసినవాళ్ళెవరైనా "ఎంత బుద్ధిమంతురాలో!" అంటారు. దర్జీ పని చేసే తల్లికి కావలసిందీ ఆ మాటే.

బడిలో వేయకముందు ఆ పిల్ల పేరు వసపిట్ట. అమ్మమ్మ పెట్టిన పేరది. బొత్తాల డబ్బా బోర్లించి, రెండు కళ్ళవి ఒక కుప్ప, నాలుగు కళ్ళవి ఒక కుప్ప పోసేది. చిల్లుల్నే కళ్ళనేది. మాటకో ప్రశ్న వేసేది. "ఆడుకుంటే అంకెలొస్తాయా?" అని తల్లి ఆ డబ్బాను అటకెక్కించింది. ఆర్నెల్లలో పిల్లకు యాభై దాకా అంకెలు వచ్చాయి. ప్రశ్నలు పోయాయి. బడిలో నేర్పిన అలవాటు ఇంట్లోనూ పనికొచ్చింది. "వేలు" అంటే చాలు, ఇల్లంతా నిశ్శబ్దం. తల్లి సంతోషించింది. మనలో అలా సంతోషించనివాళ్ళెందరు?

ఆ సాయంత్రం కోటు తీసుకోవడానికి ఒక పెద్దావిడ వచ్చింది. ముప్ఫై ఏళ్ళు పసిపిల్లలకు చదువు చెప్పిన టీచరు.

"చూశారా టీచరుగారూ, ఇందాకట్నించీ కిక్కురుమనలేదు," అంది దర్జీ.

టీచరు చూపు పిల్ల పాదం దగ్గర ఆగింది. "అమ్మాయ్, ఆ రక్తమేమిటి?"

నేల మీద పడ్డ గుండుసూది మడమలో సగందాకా దిగి ఉంది. పిల్ల కళ్ళ నిండా నీళ్ళు. వేలు మాత్రం పెదవుల మీదే ఉంది.

తల్లి సూది లాగి, గుడ్డపీలికతో అదిమిపట్టింది. "ఒక్క కేకైనా వెయ్యొచ్చుగా, నా తల్లీ?"

"నువ్వు వేలు తియ్యమన్లేదుగా."

బొత్తాల డబ్బా అటకెక్కించిన నాటి నుంచీ జరిగిందంతా దర్జీ టీచరుకు చెప్పుకుంది.

"నేనూ ఎంతోమంది చేత వేలేయించాను," అంది టీచరు మెల్లగా. "క్లాసు చప్పుడు చెయ్యకపోతే చదువు సాగుతోందనుకున్నాను. నాది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. నీకింకా అంతదాకా రాలేదు. ఆ డబ్బా దించు. నువ్వేం చెప్పకు. పిల్లే మొదలుపెడుతుంది, ఓపిక పట్టు."

డబ్బా దిగింది. పిల్ల చాలాసేపు ముట్టుకోలేదు. "లెక్కపెట్టు" అన్న మాట నాలుక చివరిదాకా వస్తే తల్లి మింగేసింది. చివరికి పిల్ల ఒక బొత్తాన్ని తీసి తేరిపార చూసింది. పైన ఒక్క చిల్లూ లేదు. పెదవుల మీది వేలు దిగివచ్చి దాన్ని తడిమింది.

"అమ్మా, దీనికి కళ్ళు లేవు. మరి దారానికి దారెవరు చూపిస్తారు?"

వెనక దారం దూరే కొక్కెం ఉందని తల్లికి తెలుసు. చెప్పలేదు. మిషను వదిలి నేల మీద పిల్ల పక్కన కూర్చుంది.

"నువ్వే చూసి చెప్పమ్మా," అంది.

దారి చూపే తొందరలో పసివాళ్ళ నోరు మూయకూడదు. వాళ్ళంతట వాళ్ళు అడిగే ప్రశ్నే వాళ్ళ తొలి అక్షరం.