కుంకుడు నీళ్ల చార

నేను ఒక గొంగడిని. అందులోనూ వాన ఆపలేని గొంగడిని. ఈ మాట చెప్పుకోవడానికి ఒకప్పుడు సిగ్గేసేది, ఇప్పుడు వెయ్యదు.

నేను పుట్టింది కొండమీది మబ్బుగుట్టలో. అక్కడ ఏటా తొలకరికి ముందు ఉన్ని పండగ చేసేవాళ్లు. గొర్రెలకు బొచ్చు కత్తిరించాక నలభై ఇళ్లవాళ్లూ కాస్త కాస్త ఉన్ని వడికి తెచ్చేవాళ్లు. చింతగింజల గంజి పట్టించిన పడుగు మీద ఇంటికొక చార చొప్పున నేసి, ఊరంతటికీ కలిపి ఒక్క గొంగడి తీసేవాళ్లు. అది మందపెద్దకు. వానాకాలమంతా ఊరి గొర్రెలన్నిటినీ ఒక్క మందగా పైగుట్టల్లో మేపుకొచ్చేది ఆయనే మరి.

పండగనాడు దానికో పరీక్ష. నలుగురు నాలుగు మూలలు పట్టుకుంటే నడుమ కడివెడు నీళ్లు పోసి, అన్ని చారలకూ తగిలేలా అటూ ఇటూ వంచుతారు. చుక్క కారకూడదు. ఎవరి చార కారితే వాళ్ల గొర్రెలను ఆ ఏడు మందలో కలపరు. వాళ్లే వానలో తడుస్తూ మేపుకోవాలి. ఒక్కడి వీపు తడవకూడదని ఊరు ఊరంతా వణికేది. మనుషులు చిత్రమైనవాళ్లు.

నాలో చివరి చార కనకవ్వది. కింది ఊరి నుంచి వచ్చిన కోడలు, ఒళ్లో ఎనిమిది నెలల పిల్ల. మొగుడు గొంగళ్లు అమ్ముతూ సంతలు తిరుగుతాడు. పిల్ల తుమ్మితే భయం, తుమ్మకపోతే ఇంకా భయం. ఆ ఉన్ని వడుకుతున్నప్పుడు ఒళ్లో ఉన్న పిల్ల బుగ్గ ఎర్రగా కందింది. గరుకు ఉన్ని గుచ్చుకుందనుకుంది కనకవ్వ. అత్త ఇంట్లో లేని పూట చూసి, చారకు పెట్టుకున్న ఉన్నినంతా ఉడుకునీళ్లలో కుంకుడుకాయ వేసి మూడుసార్లు ఉతికింది. వెన్నలా మెత్తబడింది. పిల్ల దానిమీదే నిద్రపోయింది. తల్లి మురిసిపోయింది.

పండగనాడు డప్పులు ఆగాయి. కడివెడు నీళ్లు నా నడుమ పడ్డాయి. ముప్పైతొమ్మిది చారలు బిగబట్టుకుని నిలబడ్డాయి. నలభయ్యో చార నుంచి టప్, టప్, తర్వాత ధార!

"గిదెవలి చారనే?" అన్నాడు మందపెద్ద ఓదెలు.

పద్నాలుగు గొర్రెలు, చంకలో పిల్ల, గుట్టమీద వాన, అన్నీ ఒక్కసారి కనకవ్వ కళ్లముందు తిరిగాయి. అయినా ముందుకొచ్చింది. "నాదే మామా. కుంకుడుకాయేసి కడిగిన. పోరి బుగ్గకు గుచ్చుతుందని..."

నవ్వులే నవ్వులు. "గొర్రెకు తలంటు పోసినవా వదినే!" అని ఒకామె. "సాంబ్రాణి పొగ గూడ వెయ్యకపోయినవా!" అని ఇంకొకామె. అత్త బీరవ్వ నెత్తి కొట్టుకుంది. "ఉన్నికి జిడ్డే గొడుగు గదనే! ఆ గొడుగు ఇప్పి పారేస్తివి!" అని అరిచి, అంతలోనే ఓదెలు వైపు తిరిగింది. "దానికేం ఎరుక బావా, కింది ఊరిది. చెప్పనిది నా తప్పు."

"ఊరి కట్టు కట్టే మరదలా. కారితే మందల కలుపం," అన్నాడు ఓదెలు.

అందరూ మాటల్లో ఉండగా నన్ను నేలమీద పరిచారు. పిల్ల పాకుతూ వచ్చింది. ముప్పైతొమ్మిది చారలూ దాటి, తడిసిన ఆ ఒక్క చారమీద బుగ్గ ఆనించి, అంత గోలలోనూ కళ్లు మూసింది. కనకవ్వ ఉలిక్కిపడి తీయబోయింది.

"ఆగు బిడ్డా." ఓదెలు వంగి చూశాడు. తనూ వేలితో తడిమాడు. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "కారింది మందపెద్ద గొంగడైతే గదా తప్పు? గిది నాది కాదు. నాకు నిరుటిదే సాలు. గిది ఊళ్లె పుట్టే పోరగాండ్లది. ఇగ ఏ ఇంటి చార కారినట్టు? డప్పు గొట్టుండ్రి!"

డప్పులు మోగాయి. పద్నాలుగు గొర్రెలూ మందలో కలిశాయి. మరుసటేడు పిల్లల తల్లులు అయిదారుగురు దొంగచాటుగా కుంకుళ్లు నానబెట్టి ఓదెలు చేత తిట్లు తిన్నారట. అది వేరే సంగతి.

తర్వాత నేను ఎక్కని ఊయల లేదు. పైనుంచి వాన ఆపలేనిదాన్ని, పిల్లలు కింద పోసే వానను మాత్రం ఎన్నేళ్లు ఆపానో! ఆ పండగ ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు నన్ను ఊరి గ్రంథాలయంలో గోడకు వేలాడదీశారు. పక్కన "ముట్టుకోరాదు" అని బోర్డు. అయినా ఒక్క చార మాత్రం చేతులు తగిలి తగిలి నున్నబడింది.

మొన్న ఒక చిన్నది ఏడుస్తున్న బిడ్డతో వచ్చింది. అటూ ఇటూ చూసి, బిడ్డ బుగ్గను మెల్లగా నా చివరి చారకు ఆనించింది. ఏడుపు ఆగింది. కాపలా ముసలాయన చూశాడు. బోర్డు వైపొకసారి, బిడ్డ వైపొకసారి చూసి, పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

చూడనట్టు ఉండక ఏం చేస్తాడు! ఆయనకు నడక రాకముందు నుంచీ ఎరుగుదును నేను.