నెమలికంఠం రంగు

"నీ చెయ్యి పడితే ఏ మెషీనైనా అంతే," అన్నారు మా ఆయన, పెసరట్టు తుంచి అల్లం పచ్చడిలో అద్దుకుంటూ. టేబుల్ మీద అప్పుడే ప్రింటర్లోంచి తీసిన కాగితం ఉంది. నేను గీసిన చీర అంచు. నెమలికంఠం రంగులో రావాల్సింది వెలిసిపోయిన గులాబీ రంగులో వచ్చింది. చిలకపచ్చ చిలకలు కామెర్లొచ్చినట్టు పసుపుపచ్చగా ఉన్నాయి. అంటే నీలం ఒక్కటే రావడం లేదు. ట్యాంకు నిండా ఇంకుంది, కాగితం మీదికి దిగడం లేదు.

"దాన్ని కెలక్కు. సోమవారం మెకానిక్కుని పంపిస్తా."

"సోమవారం దేనికండీ? మీటింగ్ ఇవాళ మధ్యాహ్నమైతే!"

"ఏదో ఒకటి పట్టుకెళ్తాలే. రంగు నోటితో చెప్తా."

నోటితో చెప్తారట! పెళ్ళైన కొత్తలో నా నెమలికంఠం పట్టుచీరని "ఆ నల్లచీర" అన్న మనిషి.

ఆయన పేరు ఉమామహేశ్. బెంజ్ సర్కిల్ దగ్గర చేనేత చీరల షాపు. ఆ షాపు కోసం మంగళగిరి మగ్గాల మీద నేయించే చీరలకి అంచులూ బుటాలూ గీసేది నేను. టిఫిన్లయ్యాక, వంటయ్యాక, అత్తయ్య బీపీ మాత్ర వేసుకున్నాక, పనిమనిషి రాని రోజున అంట్లు కూడా అయ్యాక, మిగిలిన పొద్దులో కంప్యూటర్ ముందు కూర్చుని గీస్తాను. దాన్ని మా ఇంట్లో పని అనరు, కూర్చోవడం అంటారు. "అమ్మాయి కూర్చుందా? అయితే కాస్త ఆ కందిపప్పు ఏరమను," అంటుంది అత్తయ్య. "ఇంట్లో కూర్చునేదానికి నీకేం అలసట?" అంటారు ఆయన. నిరుడు వర్తక సంఘం వాళ్ళు ఉత్తమ డిజైన్ అని ఆయనకి సన్మానం చేశారు. అది నేను గీసిన హంసల అంచు. ఆయన మైకు పట్టుకుని, "మా ఆవిడ ఊసుపోక ఏవో గీతలు గీస్తుంటుంది, నేను వాటిని దారిలో పెడుతుంటాను," అన్నారు. జనం నవ్వారు. వాళ్ళు కప్పిన శాలువాని ఇంటికొచ్చాక మడతపెట్టి బీరువాలో పెట్టింది కూడా నేనే. ఒళ్ళు మండదూ?

ఇవాళ్టి మీటింగ్ సంగతి వేరు. మంగళగిరి నేతగాళ్ళ సంఘం ఈసారి కొత్త పద్ధతి పెట్టింది. ప్రతి చీరకీ చిన్న చీటీ కడతారట. నేసింది ఎవరు, డిజైన్ ఎవరిది అని రెండు పేర్లూ దాని మీద ఉంటాయట. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఆ చీటీ మీద నా పేరు కావాలి. అదే అంటే ఆయన, "షాపు పేరు వేయిస్తే నీ పేరు వేసినట్టు కాదా? నీదీ నాదీ వేరా ఏంటి రాజీ?" అన్నారు, ప్రేమగానే. ప్రేమగా అన్నందుకే నాకు ఇంకా కోపం వచ్చింది.

కింద జిరాక్స్ షాపులో తీయించొచ్చు గానీ, వాళ్ళ ప్రింటులో నెమలికంఠం కాస్తా స్కూలు యూనిఫాం రంగైపోతుంది. సంఘంలో నూలుకి రంగు అద్దేవాళ్ళు నా కాగితం పక్కన పెట్టుకునే రంగు కలుపుతారు. కాగితం తప్పితే నూలు తప్పుతుంది. అందుకని ఆయన కారు వీధి మలుపు తిరగ్గానే నేను ప్రింటర్ని కిందకి దించి దాని ముందు చతికిలబడ్డాను.

కంప్యూటర్లోంచి హెడ్ క్లీనింగ్ నొక్కితే అది గురగురమని ఇంకు తాగిందే తప్ప, పరీక్ష కాగితం మీద నీలం గీత ఒక్కటీ పడలేదు. ఇక ఇంకు చిమ్మే ఆ హెడ్‌ని నానబెట్టాల్సిందే. మాడిన గిన్నెలు నానబెట్టడం తెలిసినదానికి ఇదేం బ్రహ్మవిద్య? ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఇంట్లో ఉంది, కుళాయి నీళ్ళలా ఉప్పు కట్టదు. దాన్ని గోరువెచ్చగా చేశాను. ఇక గుడ్డ. ఒక్క పోగు ఊడి హెడ్‌కుండే సన్న బెజ్జాల్లో ఇరుక్కుందా, అంతే సంగతులు. మా ఇంట్లో చూస్తే అన్నీ నూలు గుడ్డలే! బీరువా తెరిచాను. శాలువా కనిపించింది. చేనేత చీరలమ్మే మనిషికి సన్మానం చేసి కప్పిన పాలిస్టర్ శాలువా. కత్తెర తెచ్చి కొసన ఒక పట్టీ కత్తిరించాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ప్రింట్ హెడ్ అటూ ఇటూ కదులుతుండగా ప్లగ్గు లాగేస్తే మధ్యలో ఆగింది. అది రోజూ పని లేనప్పుడు వెళ్ళి కూర్చునే మూలన చిన్న రబ్బరు గిన్నె ఉంటుంది. ఇంకు ఆరిపోకుండా గాలి తగలనివ్వనిది అదే. దాని అంచున నీలం వైపు ఎర్రగా ఏదో పేరుకుని ఉంది. ఇంకు అనుకున్నాను. చెవులు శుభ్రం చేసుకునే బడ్‌తో తీసి వేళ్ళ మధ్య నలిపాను. ఇంకు కాదు. కుంకుమ.

దసరాకి ఆయుధపూజ చేశారుగా! షాపులో గల్లాపెట్టె, కారు, ఇంట్లో ప్రింటర్. పూజ చేసేది ఎప్పుడూ ఆయనే, యజమాని కాబట్టి. ప్రింటర్ వాడేది నేనైనా హారతి పళ్ళెం అందించడమే నా వంతు. గల్లాపెట్టె మూత తీసి లోపల చల్లినట్టే ప్రింటర్ మూత కూడా తీసి లోపల ఇంత కుంకుమ చల్లారు. "పైన బొట్టు పెడితే చాలండీ," అంటే, "నీకు తెలీదు, ఊరుకో," అన్నారు. ఆ రేణువులు అడ్డం పడి, హెడ్ సరిగ్గా మూసుకోక, గాలి తగిలి నీలం ఇంకు గడ్డకట్టింది. నా చెయ్యి పడి పాడైందట!

అంతలో అత్తయ్య వెంకటరావమ్మ గారు అటుగా వచ్చి, టేబుల్ మీది కాగితం చేతిలోకి తీసుకుంది.

"బాగానే వచ్చిందిగా అమ్మాయ్. పసుపూ కుంకుమా నిండుగా పడ్డాయి. ఆడదానికి ఇంకేం కావాలి?"

ఆవిడ హాస్యానికి అనలేదు. ఇంకు చేతులతో ఆవిడ వంకే చూస్తూ ఉండిపోయాను. పెళ్ళైన దగ్గర్నుంచి అందరూ నాకు చెబుతున్నది ఈ మాటే కదా, తలో రకంగా! నేను తలూపుతూ వచ్చింది కూడా దీనికే కదా!

"నీలం కావాలత్తయ్యా," అన్నాను.

"ఏంటీ?"

"నీలం. నాకు నీలం కావాలి."

దీనికేమైంది అన్నట్టు చూసి ఆవిడ టీవీ దగ్గరికి వెళ్ళిపోయింది.

రబ్బరు గిన్నె శుభ్రం చేసి, తడిపిన పట్టీని మడిచి హెడ్ కిందకి దూర్చాను. అది నానుతుండగా పప్పు తాళింపు వేశాను, అత్తయ్యకి అన్నం పెట్టాను. వచ్చి పట్టీ లాగి చూస్తే చుక్కంత నీలం. మళ్ళీ తడిపి పెట్టాను. ఈసారి పట్టీ తీసేసరికి ఆ చుక్క పాకి పాకి గుడ్డంతా కమ్మేసింది. అబ్బ, ఏం రంగది! "వచ్చేసింది!" అని అరిచాను. అత్తయ్య ఉలిక్కిపడి టీవీ సౌండు తగ్గించింది. ప్లగ్గు పెట్టి పరీక్ష కాగితం తీస్తే ఒక్క గీత కూడా తెగకుండా మొత్తం పడింది. ఆ తర్వాత నా అంచు ప్రింటయింది. నెమలికంఠం! కళ్ళనీళ్ళు తిరిగాయి నాకు. ఎప్పుడూ షాపు పేరు వేసే మూలన దాన్ని తీసేసి "డిజైన్: రాజ్యశ్రీ" అని కొట్టి, అన్ని అంచులూ వరసపెట్టి తీశాను.

మధ్యాహ్నం ఆయన వచ్చి, మూలన పేరు చూడకుండానే కాగితాలు తిరగేశారు. "ఎవర్ని పిలిచావు?"

"ఎవర్నీ పిలవలేదు. దసరాకి మీరు చల్లిన కుంకుమ తీశాను," అని బడ్ చూపించాను.

ఏదో అనబోయి కుర్చీ మీదికి చూశారు. "అదేంటే! నా సన్మానం శాలువా!"

"హంసల అంచుకి ఇచ్చిందే కదండీ. అందులో నాకూ కాస్త వాటా ఉంటుందనుకున్నా."

నేను వెళ్ళి చీర మార్చుకుని వచ్చి చెప్పులేసుకున్నాను.

"నువ్వెక్కడికి? అమ్మకి టీ ఎవరిస్తారు?"

"నా టీ నేను పెట్టుకోలేనంత ముసలిదాన్నయ్యానట్రా?" అని అత్తయ్య లోపల్నుంచి కేకేసింది. నా మీద ప్రేమతో కాదు, రోషంతో. ఏదైతేనేం, నాకు పనికొచ్చింది.

కారు వారధి దాటాక, "అక్కడ మాటలవీ నేను చూసుకుంటా. నువ్వు ఊరికే కూర్చో," అన్నారు. నేను ఒళ్ళో కాగితాలు గట్టిగా పట్టుకున్నాను.

సంఘం అధ్యక్షుడు మల్లేశ్వరరావు గారు పెద్దాయన. నా కాగితాన్ని కిటికీ వెలుగులోకి పట్టుకెళ్ళి, రంగు వేసిన నూలు కట్ట పక్కన పెట్టి చాలాసేపు చూశారు. చుట్టూ నేతవాళ్ళు మూగారు. "ఇదీ నెమలికంఠమంటే!" అన్నారాయన. "మూలన చిన్నక్షరాలు ఆనట్లేదు, ఎవరండీ గీసింది?"

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "మా షాపుదేనండీ. ఈవిడ మా ఆవిడ. నాకు కాస్త సాయంగా ఉంటుంది..."

నేను లేచి నిలబడి అందరికీ నమస్కారం పెట్టాను.

"గీసింది నేనండీ, నా పేరు రాజ్యశ్రీ," అన్నాను. "ఈయన మా ఆయన. అమ్మకాల్లో నాకు కాస్త సాయంగా ఉంటారు."