నిమ్మకాయల చోట కోన్లు

డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఎన్ని వేలమంది ఉన్నా, కథలో ఉప్పుగల్లంత అబద్ధం కలపకుండా చెప్పే ముసలివాడు మాత్రం ఒక్కడే. ఈ కథ చెబుతున్నది ఆయనే. చదువు ఊరి బళ్ళో అయిదో తరగతితో ఆగినా, చూసింది చూసినట్టు చెప్పడంలో ఆయనకు ఆయనే సాటి. కాపెల్‌లో గుడి ముందు, కార్లు నిలిపే చోట, ఆ శనివారం ఆయన కళ్ళారా చూసింది తప్ప ఇందులో ఒక్క అక్షరం ఎక్కువుండదు. నమ్మేవాళ్ళు కూర్చోండి. నమ్మనివాళ్ళు కూడా కూర్చోండి, లేచి వెళ్ళి చేసేదేముంది?

గోపాల్‌ది తెనాలి పక్క పల్లె, దామోదర్‌ది కరీంనగర్. ఇరవయ్యేళ్ళ కిందట ఇద్దరూ మాస్టర్స్ చదువుకని టెక్సాస్‌లో ఒక చిన్న ఊళ్ళో దిగి, ఒకే పరుపు మీద రెండేళ్ళు పడుకున్నారు. ఇప్పుడు కాపెల్‌లో ఇద్దరి ఇళ్ళకీ రెండు వీధుల ఎడం. ప్రతి ఆదివారం పొద్దున్నే దామోదర్ ఫోనన్నా చేయకుండా వచ్చేసేవాడు. గోపాల్ రెండు గ్లాసుల్లో కాఫీ పోసేవాడు. ఎంత స్నేహమంటే, ఒకడికి జలుబు చేస్తే రెండోవాడు తుమ్మేవాడు.

దామోదర్ నోరు తెరిస్తే పొయ్యి మీద పాలు కూడా పొంగడం మానేసి వింటాయి. పుట్టినరోజు గానీ, గృహప్రవేశం గానీ, పదిమంది చేరితే చాలు, ఎవరో ఒకరు “దామోదర్ అన్నా, ఆ కోన్ కథ చెప్పవా” అంటారు. ఆయన ప్లేటు పక్కన పెట్టి మొదలుపెడతాడు.

“మావోడు లైసెన్స్ కోసం నాలుగుసార్లు పోయిండు. ఫస్ట్ టైమ్, మన దేశంల లెక్క కుడిపక్క డోర్ తీసి కూసున్నడు. టెస్ట్ పెట్టే మేడమ్ స్టీరింగ్ ముందు కూసోవాల్సొచ్చింది! సెకండ్ టైమ్, టర్న్ సిగ్నల్ వేయమంటే వైపర్లు వేసిండు. ఎండ మండిపోతుంటే వైపర్లు! థర్డ్ టైమ్, రాంగ్ సైడ్‌ల రాజాలెక్క పోయిండు. ఇగ నాలుగోసారి సూడాలె. పార్కింగ్ చేయమంటే కోన్‌ని గుద్దిండు. రోడ్డు పనుల కాడ పెడతరే, ఆరెంజ్ కలర్ ప్లాస్టిక్‌ది, అది. గుద్ది ఊకున్నడా? కారు దిగి, దాన్ని కౌగిలించుకొని ఏడ్సిండు! ‘అయ్యో తల్లీ, దెబ్బ తగిలిందా’ అని!”

ఇల్లు ఎగిరిపోయేటట్టు నవ్వేవాళ్ళు. అందరికంటే గట్టిగా గోపాలే నవ్వేవాడు. మొదటి మూడుసార్లూ నిజమే, వాటికి మనసారా నవ్వేవాడు. నాలుగోదాని దగ్గర మాత్రం పళ్ళు ఒక్కటే నవ్వేవి. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఊరికే అనలేదు. ఆ నాలుగూ ఏవో వాళ్ళు చెప్పలేదు గానీ, గోపాల్‌కి తెలుసు.

ఆయనకి హంసిక ఒక్కతే కూతురు. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, ఆ వేసవికి పదహారు నిండింది. కారు నడపడం దానికి తనే నేర్పాలని గోపాల్‌కి ఎన్నేళ్ళ కోరికో. తన చిన్నప్పుడు అక్క ధనమ్మ కాలవగట్టు మీద సైకిలు సీటు పట్టుకుని, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, వెనకాల పరుగెత్తుతూ నేర్పింది. “నేను పట్టుకునే ఉన్నా, తొక్కు” అంటూ ఎప్పుడు వదిలేసిందో కూడా తెలియనిచ్చేది కాదు. తల్లి లేని పిల్లవాణ్ణి పెంచింది ఆమే. ఇప్పుడు గోపాల్ ఇంట్లో ఆమె పూజగదిలో ఒక ఫోటో.

హంసిక మాత్రం డ్రైవింగ్ స్కూల్లో చేరింది. మిగతా గంటలు తల్లి విద్యను పక్కన కూర్చోబెట్టుకుంది. నాన్న రానా అంటే, ముద్దుగానే అంది. “నో వే నాన్నా. నువ్వు నేర్పిస్తే నేను కూడా కోన్‌ని హగ్ చేస్తాను.”

గోపాల్ నవ్వాడు. పళ్ళతోనే.

లైసెన్సొచ్చింది, ఎవరో వాడిన చిన్న కారొకటి కొన్నారు, శనివారం గుడిలో కారుపూజ. మనవాళ్ళ పద్ధతి తెలిసిందే కదా. బానెట్ మీద పసుపుకుంకాలు, అద్దానికి పూలదండ, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. మంత్రం అయ్యాక వాటిమీదుగా కారు పోనిస్తే దిష్టి పోయినట్టు. ఆ మొదటి చుట్టన్నా కూతురి పక్క సీట్లో కూర్చోవాలని గోపాల్ ముందురోజు నుంచీ ఎదురుచూస్తున్నాడు. అడగలేదు. అడిగితే కాదంటుందేమోనని భయం.

ఇక్కడొక చిన్న మాట. కళ్ళారా చూశానన్నాడు కదా ఈ కథ చెప్పే పెద్దమనిషి? ఆ శనివారం ఆయన మోకాళ్ళకి ఆముదం పట్టించుకుని ఇంట్లో పడుకున్నాడు. ఇదంతా విద్య చెబితే విన్నదే. అయితేనేం, చూసినవాళ్ళు సగమే చూస్తారు, విన్నవాడు మొత్తం వింటాడు.

పంతులుగారు హారతి ఇచ్చి లోపలికి వెళ్ళారు. పాతికమంది స్నేహితులు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. దామోదర్ తన కారు డిక్కీ తెరిచాడు. జానెడేసి ఎత్తున్న బుల్లి కోన్లు, నాలుగు, ఒక్కోదానికీ ఎర్ర రిబ్బను. నిమ్మకాయలు తీసేసి, టైర్ల కింద వాటిని పెట్టాడు.

“గోపాల్ బిడ్డ కదా, నిమ్మకాయలేం సరిపోతయి? ఇంటి దేవత కోనే!”

ఒక్కసారిగా నవ్వులు. హంసిక కూడా పొట్ట పట్టుకుని నవ్వి, తాళంచెవి ఊపుతూ అంది. “దామోదర్ అంకుల్, ఫస్ట్ డ్రైవ్‌కి నువ్వు కూర్చో నా పక్కన. నాన్న ఐతే ఈ కోన్స్ చూసి మళ్ళీ ఏడుస్తాడు!”

దామోదర్ ముందు తలుపు మీద చెయ్యి వేశాడు.

గోపాల్‌కి ఈసారి పళ్ళు కూడా సాయం రాలేదు. వంగి, ముందు టైరు కింది కోన్ తీసుకున్నాడు. గొంతు పెంచలేదు.

“దామూ, ఆ కథ ఇంకోసారి చెప్పరా.”

“ఏదిరా?”

“నాలుగోసారిది. కానీ మొదట్నించీ చెప్పు. టెస్ట్ లైన్‌లో మన కారు ఆగి ఉండగా నీకు ఫోనొచ్చిన దగ్గర్నించీ.”

దామోదర్ మొహం మాడిన పెనం అయింది. “అరే, ఇప్పుడు గదెందుకురా...”

“నువ్వే చెప్పాలి. నాకు చెప్పడం రాదు, నువ్వు బాగా చెప్తావు. అందరూ నవ్వుతారు.”

“జోక్ మామా. గింత సీరియస్ ఎందుకైతున్నవ్? పిల్ల పూజరోజు...”

“నేనూ జోకనే నవ్వానురా, పద్దెనిమిదేళ్ళు. ఇవాళ రావట్లేదు.”

ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. హంసికే అడిగింది. “వాట్ ఫోన్, అంకుల్?”

దామోదర్ తలుపు మీది చెయ్యి తీసి, చెప్పుల వంక చూశాడు. చెప్పాల్సింది గోపాలే అయింది.

“ఇద్దరికీ కలిపి ఒక్క ఫోనే ఉండేదమ్మా, అంకుల్ దగ్గర. ఊర్నించి ఫోనొచ్చింది. మీ ధనమ్మత్త పోయిందని. మూడురోజుల జ్వరం. అంకుల్ నాకు చెప్పడమూ, ఆయన దిగి టెస్ట్ పెట్టే ఆవిడ పక్కసీట్లో కూర్చోవడమూ ఒక్కసారే అయ్యాయి. మా అక్క చచ్చిపోయిందండీ అని ఇంగ్లీషులో చెప్పడానికి నాకు నోరు తిరగలేదు. స్టార్ట్ అంది, స్టార్ట్ చేశాను. కోన్ పడింది. దిగి ఎత్తి నిలబెడదామనుకున్నా. ఏదో ఒకటి పట్టుకోవాలనిపించింది. అంతే.”

హంసిక చేతిలో తాళంచెవి ఊగడం ఆగింది.

ఆ రోజు టెస్ట్ ఆఫీసు ముందు గోపాల్‌ని నేలమీంచి లేపింది దామోదరే. వారంపాటు అన్నం కలిపి ముద్దలు పెట్టింది దామోదరే. వీసా గొడవల వల్ల అక్క చితి దగ్గరికి వెళ్ళలేని తమ్ముణ్ణి చెరువు దగ్గరికి తీసుకెళ్ళి తర్పణం వదిలించింది దామోదరే. ఫోన్ దామోదర్‌దే కాబట్టి ధనమ్మ ముందు అతనితోనే మాట్లాడేది. “నా తమ్ముడు తిన్నాడా నాయనా?” అని. అమెరికా మొత్తంలో అక్క గొంతు విన్నవాడు అతనొక్కడే. అందుకే గోపాల్ అన్నేళ్ళూ నవ్వాడు. వీణ్ణి పోగొట్టుకుంటే, ఆ గొంతు ఎలా ఉండేదో మాట్లాడుకోవడానికి ఇక ఎవడుంటాడని.

“ఫస్ట్ టైమ్ నిన్ను నవ్వించడానికే చెప్పినరా,” అన్నాడు దామోదర్. “నెల రోజులు నువ్వు నోరు తెరవకపోతే. గుర్తుందా?”

“గుర్తుంది. అప్పుడు మనిద్దరమే ఉన్నాం.”

దామోదర్ వంగి మూడు కోన్లు ఏరుకున్నాడు. నాలుగోదాని కోసం చెయ్యి చాచాడు గానీ గోపాల్ ఇవ్వలేదు, ఎందుకో అతనికే తెలియదు. ప్రసాదం తీసుకోకుండానే దామోదర్ కారెక్కి వెళ్ళిపోయాడు. గోపాల్ అటే చూస్తూ నిలబడ్డాడు. మాట అయితే అన్నాడు గానీ, గెలిచినట్టు అనిపించలేదు. రెండోసారి అదే లైన్‌లో కూర్చుని, అదే కబురు విన్నట్టుంది.

హంసిక నిమ్మకాయలు తెచ్చి, తనే వంగి నాలుగు టైర్ల కిందా పెట్టింది. అవతలి తలుపు తీసి పట్టుకుంది.

“నాన్నా, కూర్చో.”

కారు కదిలింది, నిమ్మకాయలు చితికాయి. గుడి చుట్టూ ఒక చుట్టు, రెండు చుట్లు. మూడో చుట్టులో హంసిక రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగింది. “అత్త వాయిస్ ఎలా ఉండేది?” గోపాల్ నోరు తెరిచాడు. ఒళ్ళోని కోన్‌ని రెండు చేతులా పట్టుకుని, అచ్చం దామోదర్ చెప్పినట్టే ఏడ్చాడు. హంసిక నవ్వలేదు.

మర్నాడు ఆదివారం. గోపాల్ అలవాటుగా రెండు గ్లాసుల్లో కాఫీ పోశాడు. పోశాక గానీ గుర్తురాలేదు. రెండో గ్లాసు మీద మీగడ కడుతుండగా తలుపు చప్పుడైంది. తీస్తే దామోదర్. చేతిలో ఏమీ లేదు, నోట్లో జోకు లేదు. “ధనమ్మక్క నన్ను నాయనా అనేది కదరా” అన్నాడు, అక్క గొంతుతోనే, అచ్చంగా. ఇద్దరూ గడపలోనే కూలబడ్డారు.

ఇక నిజం ఒప్పుకోవాలి. ఈ కథలో ముసలివాడు సొంతంగా కల్పించింది ఒక్కటుంది. మోకాళ్ళ సంగతి కాదు, అది ముందే ఒప్పుకున్నాడు. ఆ ఆదివారం తలుపు ఎవరూ కొట్టలేదు. తర్వాతి ఆదివారమూ కొట్టలేదు. రెండో గ్లాసు పోసిన మాట మాత్రం నిజం, గోపాల్ ఇప్పటికీ ప్రతి ఆదివారం పోస్తున్నాడట. చల్లారిపోయాక విద్య తీసి సింకులో పారబోస్తుంది.