పుస్తకం ఏడు, పుట నూట పద్నాలుగు

"సోరెల్ ఫోర్క్‌లో ఎవరూ ఉండటం లేదు పెద్దమ్మా," అన్నాడు కౌంటీ ఆఫీసు గుమస్తా ప్రాథర్.

డెల్ఫీ కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, చూపు మసకబారి నాలుగేళ్ళయింది. సోరెల్ ఫోర్క్ లోయలోకి కాపురానికొచ్చి అరవై రెండేళ్ళు. పక్కన కోడలు ఓర్లీనా మడత పెట్టిన పేపరు పట్టుకుని ఉంది. బొగ్గు కంపెనీ వేయించిన ప్రకటన అందులోనే ఉంది. బొగ్గు కడిగిన మురికినీళ్ళు నిలవ చెయ్యడానికి సోరెల్ ఫోర్క్ లోయ పైకొసన కట్ట కడతారట. కట్ట కింద మనుషులు కాపురమున్న ఇల్లు ఒక్కటీ లేదట. కాదనే వాళ్ళు శుక్రవారం సాయంత్రం నాలుగు లోపల కౌంటీ బోర్డుకి రాసివ్వాలట.

"ఎవరూ లేకపోతే పొద్దున నేను పొయ్యి మీద పెట్టొచ్చిన చిక్కుడుగింజలు ఎవరు తింటారు నాయనా? దయ్యాలా?" అంది డెల్ఫీ.

వెనక వరసలో ఎవరో నవ్వారు. ప్రాథర్ మాత్రం నవ్వలేదు. ఆయన చెడ్డవాడేం కాదు, కాగితం మనిషి. ఓటర్ల జాబితా తిప్పి చూపించాడు. పన్నుల జాబితా చూపించాడు. సోరెల్ ఫోర్క్ అన్న పేరు ఎక్కడా లేదు. నోటి మాట చెల్లదని, సర్కారు పుస్తకంలో ఫలానా మనిషి ఫలానా చోట అని పుస్తకం నంబరు, పుట నంబరు చూపిస్తేనే బోర్డు వింటుందని చెప్పాడు.

తప్పెక్కడ జరిగిందో ఓర్లీనాకి మెట్లు దిగుతుంటే తెలిసింది. సోరెల్ ఫోర్క్ పట్నం కాదు. దానికి మేయరు లేడు, పొలిమేర రాయి లేదు. ఒకప్పుడు కొట్లో ఓ మూల పోస్టాఫీసు ఉండేది. పంతొమ్మిదేళ్ళ కిందట దాన్ని ఎత్తేశారు. ఆనాటి నుంచి ఉత్తరాలు తిన్నగా రావాలని అందరూ పక్క పట్నం పేరు పెట్టి "హార్గిస్, రూట్ టూ" అని రాయడం మొదలుపెట్టారు. ఓటుకి అదే, లైసెన్సుకి అదే, పన్నుకి అదే. ఊరి పేరు ఎవరూ లాక్కోలేదు. వీళ్ళే తమ చేత్తో చెరిపేసుకున్నారు. కంపెనీ లాయరు ఆ జాబితాల్లోనే వెతికి సున్నా వేశాడు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. వాళ్ళ తెలివంతా అక్కడే ఉంది.

మంగళవారం సాయంత్రం చర్చి గుళ్ళో అందరూ కూడారు. నలభై ఒక్క ఇళ్ళ వాళ్ళు. రెండేళ్ళ కిందట పక్క కౌంటీలో ఇలాంటి కట్టే తెగింది. పొద్దున ఫలహారాల వేళ, పిల్లలు బడికి తయారవుతున్నప్పుడు. డెల్ఫీ చెల్లెలు ఆ నల్ల బురదలో కొట్టుకుపోయింది. దొరికింది ఒక్క చెప్పు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎత్తనక్కర్లేదు.

గని పనిలో ఊపిరితిత్తులు పోగొట్టుకున్న ఆర్విల్ ముసలాయన దగ్గుతూనే లేచి, రోడ్డుకి లారీలు అడ్డం పెడదామన్నాడు.

"ఎవడి లారీలు?" అన్నాడు ఓర్లీనా మొగుడు ఓడెల్. "నేను తోలేది కంపెనీదే. అడ్డం పెట్టిన పూటే ఇంటికి పొమ్మంటారు. తర్వాత ఏం తినమంటావ్?"

స్కూలు బస్సు నడిపే జునీటా వెనక్కి తిరిగి చూసింది. "బురద తిందువుగానిలే ఓడెల్. అది ఊరికే పోస్తారు, వడ్డించే పని కూడా లేదు."

మాటలు పెరిగాయి. ఉద్యోగాలున్న వాళ్ళు ఒక పక్క, లేనివాళ్ళు ఒక పక్క అయ్యారు. అన్నదమ్ములు కూడా చెరో బల్ల మీదకి జరిగారు. అప్పుడు డెల్ఫీ చేతికర్రతో నేల మీద కొట్టింది. పుట్టుకల పుస్తకాలు చూశారా అని అడిగింది.

నలభై నాలుగేళ్ళు ఆ లోయలో కాన్పులన్నీ ఆమె చేతుల మీదే జరిగాయి. ఇంట్లో పోయినవాళ్ళకి స్నానం చేయించిందీ ఆమే. పుట్టుకలూ చావులూ కౌంటీ పుస్తకంలో ఎక్కించడానికి కాగితం నింపి పంపేది. పోస్టాఫీసు పోయాక, స్థలం దగ్గర హార్గిస్ అని రాయమని పైవాళ్ళు రెండు సార్లు ఉత్తరం రాశారు. ఆమె రాయలేదు.

"కాన్పు హార్గిస్‌లో అయిందా? తల్లి మంచం ఎక్కడుందో అక్కడయింది. దొంగ రాత ఎట్లా రాస్తాను?" అంది. ఆఖరి కాగితం ఈ ఫిబ్రవరిలోనే పంపింది, కోడలు చదివి వినిపిస్తే వేలితో గీతలు తడుముకుంటూ సంతకం చేసి.

బుధవారం ఓర్లీనా తను పనిచేసే బడి వంటగదిలో సెలవు చెప్పి కోర్టు భవనానికి వెళ్ళింది. పుస్తకాలున్నాయి, తొమ్మిది. పేర్లూ ఉన్నాయి. "సోరెల్ ఫోర్క్" అన్న మాట వరసగా కనబడుతుంటే పురిటి నొప్పుల తర్వాత బిడ్డ ఏడుపు విన్నట్టయింది. అయితే రికార్డు గది వాకిట్లోనే ఆమె పెన్సిల్ తీసేసుకున్నారు. పుస్తకాలు పాడవుతాయి కాబట్టి లోపల ఏదీ రాసుకోకూడదు. నకలు కావాలంటే అర్జీ పెట్టుకోవాలి, ఆరు వారాలు పడుతుంది. చూసుకోవచ్చు, అది జనం హక్కు. గుమ్మం మీద అలాగే రాసి ఉంది.

ఐదు పేర్లు, ఐదు పుటలు మనసులో పెట్టుకుని మెట్లు దిగింది. కిందికొచ్చేసరికి రెండు తారుమారయ్యాయి. మళ్ళీ ఎక్కింది. సాయంత్రానికి పదిహేడు తెచ్చింది, అందులో ఎన్ని సరైనవో ఆమెకే తెలియదు. పుస్తకాల్లో సోరెల్ ఫోర్క్ అని ఉన్నవి నూట పన్నెండు.

ఇంటికొచ్చి బంగాళాదుంపల తొక్క తీస్తూ కళ్ళు తుడుచుకుంది. డెల్ఫీ ఆమె ముక్కు ఎగబీల్చడం విని కుర్చీ దగ్గరికి లాక్కుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"మన గుళ్ళో పాటల పుస్తకాలు ఎన్నున్నాయే?"

"ఒక్కటే కదా అత్తయ్యా."

"చదువు రాని మా నాన్నకి మూడొందల పాటలు వచ్చేవి. ఎట్లా వచ్చాయంటావ్?"

ఓర్లీనా చేతిలో కత్తి ఆగింది. గుళ్ళో పెద్దాయన ఒక్కడే పుస్తకం చూసి చరణం అందిస్తాడు, అందరూ ఆ చరణం అందుకుంటారు, మళ్ళీ ఆయన తర్వాతి చరణం అందిస్తాడు. పుట్టినప్పటి నుంచీ అలాగే పాడుతున్నారు. అందించేది మాత్రం ఎప్పుడూ మగవాళ్ళే. డెల్ఫీ గొంతు లోయ అవతలి గట్టుకి వినిపించేది, అయినా ఆమెని ఒక్క చరణం అందించనివ్వలేదు.

"రాయొద్దన్నారు. పలకొద్దనలేదుగా," అంది డెల్ఫీ.

శుక్రవారం పొద్దున ఓడెల్ బూట్లు వేసుకుంటూ తల ఎత్తకుండా, తను రానన్నాడు. తర్వాత, "ఏడో పుస్తకం వదిలెయ్," అన్నాడు.

"అందులో ఇరవై ఆరు పేర్లున్నాయి."

"ఇరవై అయిదు చదువు."

ఆ ఇంట్లో పదిహేడేళ్ళుగా పలకని పేరు ఒకటుంది. ఇద్దరికీ తెలుసు. అతను లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

తొమ్మిదింటికి జునీటా బస్సు కోర్టు ముందు ఆగింది. వెనకే ట్రక్కులు, నడిచొచ్చిన వాళ్ళు. ఓర్లీనా పుస్తకం ముందు కూచుంది. డెల్ఫీ ఆమె భుజం పట్టుకుని నిలబడింది. రికార్డు గది గుమ్మం నుంచి వసారా పొడుగునా, రెండంతస్తుల మెట్ల మీదుగా వీధి దాకా మనిషి పక్కన మనిషి. చివర్న జునీటా బస్సు ముందుభాగం మీద నోటుబుక్కు పరిచి, పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని తయారుగా ఉంది. వీధి సర్కారుదే కానీ అక్కడ పెన్సిల్‌కి నిషేధం లేదు.

ఓర్లీనా చిన్న గొంతుతో చదివింది. డెల్ఫీ తల పైకెత్తి అందించింది. "ఒకటో పుస్తకం, తొమ్మిదో పుట..."

వసారా అందుకుంది. మెట్లు అందుకున్నాయి. గుళ్ళో పాటలాగే సాగదీసి, ఒక్కో మాటనీ మోసుకుంటూ కిందికి దించారు. "ఆర్విల్, మగబిడ్డ, పుట్టింది సోరెల్ ఫోర్క్..." తన పేరు తనే పలికి కిందికి పంపాల్సి వచ్చినప్పుడు ఆర్విల్‌కి దగ్గు కూడా రాలేదు.

ప్రాథర్ పరుగెత్తుకొచ్చాడు. ఇది ఆఫీసు, గుడి కాదన్నాడు. చదవకూడదని ఎక్కడ రాశారో చూపించమంది ఓర్లీనా. ఆయన నిబంధనల కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి, ఎవరికో ఫోన్ చేశాడు. మధ్యాహ్నం కంపెనీ లాయరు వచ్చి మెట్లెక్కబోతే ఎవరూ అడ్డుపడలేదు, ఎవరూ తప్పుకోనూ లేదు. చరణం మధ్యలో ఉన్నామండీ, ఆగండి అన్నారు. మొక్కజొన్న రొట్టెలు చేతులు మారాయి. కాళ్ళు నొప్పెట్టినవాళ్ళ చోట్లోకి వేరేవాళ్ళు వచ్చారు. వరస తెగలేదు. మంగళవారం చెరో బల్ల మీదకి జరిగిన అన్నదమ్ములు ఒకే మెట్టు మీద నిలబడ్డారు.

ఎనిమిది, తొమ్మిది పుస్తకాలు ముందే ముగించింది ఓర్లీనా. ఏడోది చివరికి అట్టిపెట్టింది. ఇరవై అయిదు పేర్లు అయ్యాయి. గడియారం మూడున్నర. పుట నూట పద్నాలుగు తీసింది. అత్తగారి చేతిరాత నుంచి ఎవరో గుమస్తా ఎక్కించిన నాలుగు ముక్కలు. చదవకుండా ఆ గీత మీద అరచెయ్యి కప్పింది.

"పుస్తకం ఏడు, పుట నూట పద్నాలుగు," అని అందించింది డెల్ఫీ. ఆ పుట ఆమెకి చూడక్కర్లేదు. అయినా తల్లి పలకాల్సిన పేరు తను పలకలేదు, ఆగింది. వసారా ఆ నంబరు అందుకుంది, మెట్లు అందుకున్నాయి, వీధి అందుకుంది. తర్వాతి మాట కోసం రెండంతస్తుల మనుషులు పైకి చూశారు.

పోలీసు డిప్యూటీ వెండెల్ వచ్చింది అప్పుడే. పుస్తకం మూసేశాడు. ప్రభుత్వాఫీసులో పనికి అడ్డం తగిలినందుకు ఇద్దరినీ అరెస్టు చేస్తున్నానన్నాడు.

"నీ బొడ్డు కోసిన చేతులివి వెండెల్," అంది డెల్ఫీ, మణికట్లు చాపుతూ. "నాలుగో పుస్తకంలో ఉన్నావు. పొద్దునే నిన్ను కిందికి పంపించాం."

అతని చెవులు ఎర్రబడ్డాయి. సంకెళ్ళు వెయ్యలేదు, కానీ నడిపించాడు. ఓర్లీనా నేల చూస్తూ నడిచింది. నూట పదకొండు దగ్గర ఆపేశాను, నా ఒక్కదాని పిరికితనం వల్ల అనుకుంది.

మెట్ల మొదట్లో ఆమెకి ఏదో వినబడింది.

పాట కిందనుంచి పైకి వస్తోంది. ఎన్నడూ అలా జరగలేదు. అందించేవాడి గొంతు వీధిలో ఉంది, మోటు గొంతు, గుళ్ళో ఎప్పుడూ వెనక బల్ల మీద పెదవులు కదిపి ఊరుకునే గొంతు. కిందిమెట్లు అందుకున్నాయి. పైమెట్లు అందుకున్నాయి.

"ఐవా, ఆడబిడ్డ..."

"ఐవా, ఆడబిడ్డ..."

"పుట్టింది సోరెల్ ఫోర్క్. బతికింది మూడు రోజులు..."

"బతికింది మూడు రోజులు..."

"పోయింది సోరెల్ ఫోర్క్. తండ్రి ఓడెల్, తల్లి ఓర్లీనా. కాపురం సోరెల్ ఫోర్క్."

ఆనాడు మంచులో పదకొండు మైళ్ళు నడిచొచ్చి ఆ బిడ్డ కాగితం ఈ కోర్టులో ఇచ్చింది ఓడెలే. అతనికి పుస్తకంతో పని లేదు. ఓర్లీనా మెట్లు దిగుతూనే అందుకుంది. పదిహేడేళ్ళ తర్వాత ఆ పేరు పలికింది. ఆమె గొంతు అన్ని గొంతుల్లో కలిసిపోయింది.

వీధిలో కంపెనీ లారీ అడ్డంగా నిలిచి ఉంది, ఇంజను ఆపేసి. ఓడెల్ టోపీ చేతిలో పట్టుకున్నాడు. పెళ్ళాన్ని చూసి, "తాళాలు ఆ కంపెనీ లాయరు చేతికే ఇచ్చేశాను," అన్నాడు, అంతే.

నాలుగుకి పది నిమిషాలుండగా జునీటా ఆ నోటుబుక్కు బోర్డు కౌంటరు మీద పెట్టింది. నూట పన్నెండు పేర్లు, పుస్తకం నంబర్లతో, పుట నంబర్లతో. అందినట్టు ముద్ర పడేదాకా అక్కడి నుంచి కదల్లేదు. కట్ట ఆగిపోయిందని కాదు. ఇక బహిరంగ విచారణ పెట్టక తప్పదు, అక్కడ ఎవరూ లేరని ఇంకెవరూ అనలేరు.

కోర్టు భవనం అడుగునే జైలు. అత్తాకోడళ్ళు ఒకే బల్ల మీద కూచున్నారు. డెల్ఫీ గొంతు పూర్తిగా పోయింది. ఆ పొద్దున పొయ్యి మీద పెట్టొచ్చిన చిక్కుళ్ళ సంగతి ఎవరైనా చూశారా అని సైగ చేసింది. ఓడెల్ చూస్తాడులే అత్తయ్యా అంది ఓర్లీనా.

సోమవారం వాళ్ళని జడ్జి ముందుకి తీసుకెళ్ళడానికి వెండెల్ తలుపు తీశాడు. పైన వసారాలో బూట్ల చప్పుడు, చాలా బూట్లు. గొంతులేవీ తెలిసినవి కావు. కొండకి అవతల, మ్యాపులో పేరు లేని ఇంకో లోయ వాళ్ళు ఈ సంగతి విని రాత్రే బయల్దేరి వచ్చారు. కౌంటరు దగ్గర ఒక ఆడమనిషి ప్రాథర్‌ని నెమ్మదిగా అడుగుతోంది.

"ఔల్ బ్రాంచ్ వాళ్ళది ఎన్నో పుస్తకమండీ?"