నిప్పు చూసిన కెంపు

"నో, ఆ వ్యాపారి మన రాయి కొంటాడట! రేపు మాండలే నుంచి తనే వస్తున్నాడట!"

ఫోను పెట్టేస్తూ నాకు రాళ్ల పరీక్ష నేర్పిన యమిన్ టీచర్ నా పేరు పిలుస్తూ అరిచేసరికి, నేను సూక్ష్మదర్శిని ముందు నుంచి లేచి ఆవిణ్ణి వాటేసుకున్నాను. ఆవిడ చెంపకి పూసుకున్న చెట్టుబెరడు గంధం నా చెంపకి అంటుకుంది.

"ఒక్కటే షరతు. రంగు తేలుతుందని కాల్చకూడదు, రాయి నిప్పే చూడకూడదు. మనం పరీక్షించినప్పుడు ఉన్నట్టే ఉండాలి."

గనివాళ్లు కడిగి పారబోసిన కంకరలో మా అత్త ఏరిన రాయి అది. కెంపుల గనులున్న మా మొగోక్‌లో ఆ కంకర ఆడవాళ్ల హక్కు, ఎవరికి దొరికితే వాళ్లదే. పరీక్షించినప్పుడు, రాయి రంగుల్ని విడదీసే అద్దంలో చూస్తే ఒక గడిలో ఊదా ఎరుపు, పక్క గడిలో నారింజ ఎరుపు. కెంపులా కనిపించే చవక రాయి స్పైనెల్ అయితే రెండు గడుల్లోనూ ఒకే ఎరుపు కనిపించేది. ఇది కెంపే! లోపల పట్టుపోగుల్లా సన్నటి సూదులు, వాటి నడుమ ఓ నీటిబుడగ. ఆ పోగులు చెక్కుచెదరలేదంటే నిప్పు తగల్లేదన్నమాట. పరీక్ష కాగానే రాయిని ఇంటికి తీసుకెళ్లి అత్త చేతికిచ్చేశాను.

ఇక మా ఆయన లిన్ గని గోతిలోకి దిగక్కర్లేదు. నాకు కావలసింది అదొక్కటే. మా పెళ్లయిన వారానికే పక్క గొయ్యి కూలి అతని స్నేహితుడు లోపలే ఉండిపోయాడు. అప్పట్నుంచీ ఎర్రమట్టి కొట్టుకున్న తల గుమ్మంలో కనబడేదాకా నేను అన్నం వార్చలేను.

దారిలో టీ ఆకుల పచ్చడి కొన్నాను, వేరుశనగలు ఇంకాస్త వేయించుకుని మరీ. నాలో నేనే నవ్వుకుంటూ ఇంటికొచ్చాను.

పెరట్లో మామయ్య బొగ్గుల పొయ్యి ముందు కూర్చునున్నాడు. చేతిలో నిప్పు ఊదే తిత్తి ఉంది. పక్కన రాళ్లు కాల్చే మట్టి మూస.

"మామయ్యా, రేపే వస్తున్నాడు! నిప్పు చూడని రాయే కావాలట!"

ఆయన తిత్తి కింద పెట్టాడు.

"ఓ అంచున ఊదా ఛాయ ఉంది కదమ్మా. దాన్నే చూపించి బేరగాళ్లు ధర కోసేస్తారు, కాలిస్తే పోతుందని పొయ్యిలో పెట్టాను. పచ్చికుండలో నీళ్లు పోస్తామా? పచ్చిరాయి అమ్మితే నలుగురూ నవ్వరూ? మా నాన్నా అమ్మలేదు, నేనూ అమ్మలేదు."

మూసలో మూడు ముక్కలూ, చిటికెడు పొడీ. వేడికి నీటిబుడగ పేలిపోయింది. భూతద్దం పెట్టి పెద్ద ముక్కని చూశాను. చలికాలం గాజు మీద మంచు పట్టినట్టు లోపలంతా బీటలు.

"ఏమన్నా మిగిలిందా తల్లీ?"

"లేదు మామయ్యా."

అత్త వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "నీ పొయ్యి పాడుగాను! రాళ్లు చదివిన కోడలు ఇంట్లో ఉండగా ఒక్క మాట అడగడానికి నోరు పడిపోయిందా?"

"పెళ్లికి వీళ్లకేం పెట్టలేకపోయాను. కనీసం రాయి రంగైనా తేల్చి చేతిలో పెడదామని..." మామయ్య తిత్తిని పొయ్యి వెనక్కి తోసేశాడు.

ఆయన మీద కోపం రాకపోవడమే నన్ను చంపేసింది. అరిచి ఉంటే కాస్త తేలికపడేదాన్నేమో.

లిన్ వచ్చాడు. ఎవరూ చెప్పకముందే మూసలోకి చూశాడు. కాళ్లు కడుక్కుని వచ్చి బల్ల దగ్గర నా పక్కన భోజనానికి కూర్చున్నాడు.

"వేరుశనగలు భలే వేయించారు నో. ఎక్కడ కొన్నావు?"

బల్ల కింద అతని మోకాలు నా మోకాలికి తగిలింది. పొద్దున అయితే దానికే పొంగిపోయేదాన్ని. ఇప్పుడు ఆ వెచ్చదనం తాకుతుంటే ఏడుపు ఆగలేదు.

అతను పళ్లెం పక్కకి జరిపాడు.

"గోతిలో కింది పొరలో నీరు ఊరుతోంది, గోడలు ఎప్పుడు జారతాయో తెలీదు. ముందు దిగేవాడికి కూలి ఎక్కువిస్తాను, ఎవరు దిగుతారని మేస్త్రీ అడిగితే ఇవాళ అందరం తలలు దించుకున్నాం." తండ్రి వైపు తిరిగాడు. "రేపు తెల్లారగానే నేను దిగుతాను నాన్నా. పైన తాడు నువ్వు పట్టుకో."