పైపు పొగాకు, మాడిన టీ

ఆకు పదును మీద ఉండగానే పని ముగించాలి. ఎండెక్కితే చేతిలో పొడైపోతుంది. కృపావరం గోడౌన్ నేల మీద గోనెపట్టా పరుచుకుని, తెల్లవారుజాము చల్లదనానికి మెత్తబడ్డ పొగాకును గ్రేడు చేస్తున్నాడు. ఒక్కో ఆకునూ వేళ్ళ మధ్య జార్చి, వెలుగుకు ఎత్తి చూసి, నిమ్మపండు రంగుది కుడివైపు, గోధుమ రంగుది ఎడమవైపు, మచ్చలది వెనక్కి. అరవై ఆరేళ్ళు. నడుం వంగింది కాని వేళ్ళు వంగలేదు. కుడి బొటనవేలి గోరు ఆకు జిగురుకు నల్లబడి మళ్ళీ తెల్లబడలేదు. జంగారెడ్డిగూడెంలో అతని పేరు తెలియని రైతులు చాలామంది. అతను వేసిన గ్రేడు తప్పన్న రైతు లేడు.

ఎనిమిదింటికి చేతులు కడుక్కుని ఏలూరు బస్సెక్కాడు. ఒళ్ళో బిస్కట్ల డబ్బా. అందులో తను కలిపిన పైపు పొగాకు. రెండేళ్ళు నిలవబెట్టిన పసుపు ఆకుకు బెల్లం నీళ్ళు చల్లి, చెక్కల మధ్య నొక్కి, సన్నగా కోసింది. ఏడాదికి ఒక్క డబ్బా. ఏడాదికోసారి ఏలూరులో ఎడ్విన్ గారు దాన్ని టీతో పాటు కాల్చి, తప్పు చెబుతారు.

ఎడ్విన్ ఒకప్పుడు పొగాకు కంపెనీలో ఆకు కొనే ఆఫీసరు. కృపావరానికి పైపు నేర్పింది ఆయనే. టీలో పంచదార తక్కువ ఉండాలి. ఒక గుక్క తాగి, ఆ వేడి నోట్లో ఉండగానే ఒక దమ్ము లాగాలి. ఆకు బండారం అప్పుడు బయటపడుతుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా బాగుందనలేదు. ముందటేడు తీపన్నారు. బెల్లం సగానికి తగ్గించాడు. నిరుడు ఘాటన్నారు. గోదావరి లంకల్లో పండే ఘాటు పొగాకు, లంకాకు, కలపడం పూర్తిగా మానేశాడు.

నిన్న సాయంత్రం గుమ్మం బయట కూర్చుని, టీ గ్లాసు పక్కన పెట్టుకుని కాల్చి చూశాడు. వంక దొరకలేదు. భార్య గ్రేస్ బతికున్నన్నాళ్ళూ ఇంట్లోకి పొగ రానివ్వలేదు. ఆమె పోయి ఆరేళ్ళయింది. అతను ఇంకా బయటే కాలుస్తాడు.

ఈసారి ఆయన చేత బాగుందనిపించే తిరిగి వెళ్ళాలి. అనిపిస్తాడు కూడా. అందులో అనుమానం లేదు.

కాలవ పక్కన ఎడ్విన్ గారి ఇల్లు. తలుపు తెరిచే ఉంది.

"రావయ్యా. ఇంకా చావలేదన్నమాట!"

"మీకంటే ముందా అండి? సీనియారిటీ చూడరూ?"

ఎనభై నాలుగేళ్ళ మనిషి భుజాలు కదిలేలా నవ్వారు. గడప దాటకముందే కృపావరం ముక్కుకు మాడిన పాల వాసన తగిలింది. ఎడ్విన్ రెండు కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టారు. కృపావరం ఒక గుక్క తాగి కప్పు దించేశాడు. ఎడ్విన్ సగం తాగి మీసం తుడుచుకున్నారు.

"టీ కుదిరిందివాళ."

కృపావరం ఆయన ముఖంలోకి చూశాడు. ఎడ్విన్ డబ్బా తెరిచి, పైపు నింపి, అగ్గిపుల్ల గీశారు. కళ్ళు మూసుకుని నాలుగు దమ్ములు లాగారు.

"కోత బాగుంది. లంకాకే కాస్త తగ్గించాల్సింది."

"ఈసారి లంకాకు వెయ్యలేదండి."

కృపావరం తన కప్పును పక్కకు జరిపాడు.

"పాలు మాడిపోయాయండి. వాసన గేటు దాకా వస్తోంది."

ఎడ్విన్ పైపు నోట్లోంచి తీశారు. "నాలుగేళ్ళయింది ముక్కు పోయి. కరోనా జ్వరంలో పోయింది, మళ్ళీ రాలేదు."

"మరి తీపన్నారు, ఘాటన్నారు?"

"ఏదో ఒకటి అనాలి కదయ్యా. బాగుందంటే మళ్ళీ ఏడు ఎందుకొస్తావు?"

"నేనొచ్చింది మీ ముక్కు కోసమండి."

"తెలుసు. అందుకే చెప్పలేదు."

కృపావరం లేచాడు. "ఒక్కో ఆకూ ఏరి తెచ్చానండి. గుడ్డిగా గ్రేడేశారు." అంతకంటే పెద్ద తిట్టు అతనికి తెలియదు.

"కూర్చో."

"పాలు తెస్తాను. ఇది మనుషులు తాగే టీ కాదు."

పాల ప్యాకెట్ కొనడానికి ఐదు నిమిషాలు చాలు. అతను గంట సేపు కాలవ గట్టు మీద నిలబడ్డాడు. జంగారెడ్డిగూడెం బస్సు వచ్చింది. చెయ్యి సగం ఎత్తి దించేశాడు. క్షమించి కాదు. ఆ టీ అలా వదిలేసి పోవడం చేతకాక.

తిరిగొచ్చేసరికి ఎడ్విన్ కుర్చీలోనే ఉన్నారు. తల పక్కకు వాలింది. పైపు ఒళ్ళో ఉంది. కృపావరం మణికట్టు పట్టుకుని చూశాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. పాల ప్యాకెట్ బల్ల మీద పెట్టి, తాడేపల్లిగూడెంలో ఉన్న ఆయన కూతురు జ్యోత్స్నకు ఫోన్ చేశాడు.

"అమ్మా, నాన్నగారు పోయారు. కుర్చీలోనే. పైపు కాల్చుకుంటూ."

అవతల కాసేపు ఏడుపు. తర్వాత, "మీరు పక్కనే ఉన్నారా అంకుల్?"

"పాలకెళ్ళానమ్మా."

ఒళ్ళోంచి పైపు తీశాడు. ఇంకా గోరువెచ్చగా ఉంది. సాసర్లో బోర్లించి మెల్లగా తట్టాడు. నాసి పొగాకైతే సగంలోనే ఆరుతుంది, అడుగున నల్లటి తడి ముద్ద మిగులుతుంది. కృపావరం సాసరును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగుకు పెట్టి చూశాడు. కిటికీ గట్టు మీదే ఉంచేసి, ఆయన ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

సాసర్లో చెంచాడు బూడిద, ఎక్కడా నలుపు లేకుండా, పొడిగా, సున్నంలా తెల్లగా ఉంది.