వంతెన దాటాక నేరమైపోయాను

నేను ఒక పిస్తోలు మ్యాగజైన్‌ని. వారపత్రిక అనుకునేరు! గుప్పిట్లో పట్టేంత ఉక్కు డబ్బాని. పిస్తోలు పిడిలోకి దూరి, తూటాలను ఒకదాని వెనక ఒకటి పైకి తోస్తుంటాను. నా కడుపులో పదిహేడు పడతాయి. నేను లేకపోతే పిస్తోలు మేకు కొట్టుకోవడానికి కూడా పనికిరాదు. అయినా మనుషులు పిస్తోలును పట్టుగుడ్డతో తుడుస్తారు, నన్ను చిల్లర సామానులో పడేస్తారు. నా యజమాని యుగంధర్ మునిగింది అక్కడే.

ఫ్యాక్టరీలో రేకు వంచి, అతికించి, నల్లరంగు పూసి, టెక్సాస్‌లోని ఒక దుకాణంలో చేపల గాలాల పక్కన నన్ను వేలాడదీశారు. అక్కడ నన్ను కొనడం చీపురు కొన్నంత తేలిక. యుగంధర్ నరసరావుపేట నుంచి వచ్చి డాలస్ శివార్లలో స్థిరపడ్డ సాఫ్ట్‌వేర్ మేనేజరు. పెరట్లోకి పాము వస్తే భార్యను కేకేసి తాను బల్ల ఎక్కే మనిషి. అలాంటివాడికి పిస్తోలు ఎందుకని అడక్కండి. ఆఫీసులో పక్క మేనేజరు కొన్నాడు, అంతే.

దుకాణంలో అమ్మే ముసలామె మంచిది. "వేరే రాష్ట్రానికి తీసుకెళ్ళే ముందు అక్కడి చట్టం చూసుకోండి. పిస్తోలుకే కాదు, మ్యాగజైన్‌కీ చట్టాలుంటాయి. కొన్నిచోట్ల పదికి మించి పట్టేది దగ్గరుంటేనే నేరం" అని చెప్పింది. ఆ సమయానికి ఆయన పొట్ట లోపలికి లాక్కుని, పిస్తోలుతో ఫొటో దిగుతున్నాడు.

ఆ తర్వాత నా ఉద్యోగం ఏమిటంటే, ఆదివారాలు విందుకొచ్చిన వాళ్ళ ముందు 'టక్'మని పిడిలోకి దూరడం, 'టక్'మని బయటికి రావడం. బిర్యానీకీ కిళ్ళీకీ మధ్య అదొక వినోదం. మగవాళ్ళు ఆహా అనేవారు. యుగంధర్ భార్య హైమ మాత్రం గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేది.

ఇంతలో న్యూజెర్సీలో హైమ అన్న జితేంద్ర ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. ఇత్తడి దీపపు సెమ్మెలు, ఆవకాయ జాడీలు విమానంలో కుదరవని కారులో బయలుదేరారు. బావగారి ముందు దేనిలోనూ తగ్గకూడదన్నది యుగంధర్ వ్రతం. అందుకే పిస్తోలూ బయలుదేరింది.

"అదెందుకండీ? వచ్చే నెల మీ సిటిజన్‌షిప్ ప్రమాణం పెట్టుకుని! అక్కడ రూల్స్ చూశారా?" అంది హైమ.

"చూడకుండా ఉంటానా? ఖాళీ చేసి, పెట్టెలో పెట్టి, తాళమేసి డిక్కీలో పెట్టుకుంటే ఎవడూ ఏమీ అడగడు. మన గ్రూపులో అడిగా. దేశమంతా ఒకటే రాజ్యాంగమంట."

గ్రూపు! తూటా ముందూ వెనకా తెలియని నలభైమంది పండితులు బొటనవేలు పైకెత్తితే ఆయనకు అది సుప్రీంకోర్టు తీర్పు. చదివిన ఆ కాస్తయినా పిస్తోలు గురించే చదివాడు, నా గురించి ఒక్క ముక్క చదవలేదు. పైగా పెట్టెలో ఇరుకైందని నన్ను తీసి, హైమ పట్టుచీరల సంచిలో జాకెట్ల మడతల్లోకి తోశాడు. ఆమెకు ఆ సంగతి చెప్పలేదు.

దారిలో ఎన్ని రాష్ట్రాలు దాటామో! ఎక్కడా నాలో ఒక్క స్ప్రింగు చుట్టయినా మారలేదు. చివరికి ఒక నది మీద వంతెన ఎక్కాం. ఈ ఒడ్డున నేను గాలాల పక్కన వేలాడే సరుకుని, ఆ ఒడ్డున నేరాన్ని. నీళ్ళకు ఆ భేదం తెలియదు. మనుషులు గీసుకున్న గీత అది, గీసుకున్నవాళ్ళే చూసుకోరు.

వంతెన దాటి కాస్త దూరం వెళ్ళామో లేదో, వేగం ఎక్కువైందని పోలీసు ఆపాడు. కారులో ఆయుధాలున్నాయా అని అడిగాడు. యుగంధర్ ఛాతీ విరుచుకుని, తాళం వేసి ఉంది, చూసుకోండి అన్నాడు. నిజాయతీ అనేది ఏం పాటించాలో తెలిసినవాడికి ఆభరణం, తెలియనివాడికి ఉచ్చు.

పోలీసు పిస్తోలు పెట్టె చూసి, ఏదో రాసుకుని పక్కన పెట్టాడు. తర్వాత ఇద్దర్నీ దిగమని, సామానంతా కిందపెట్టించి, సంచులు వెతికాడు. జాకెట్ల మధ్య నుంచి నేను బయటపడ్డాను. నన్ను తిప్పి, నా వీపు మీద, లోపలి తూటాలు లెక్క తెలిసే చిల్లుల పక్కనున్న అంకెలు చూశాడు. పదిహేడు.

"ఇది ఎవరిది?"

యుగంధర్‌కు ప్రమాణం, పౌరసత్వం, ఉద్యోగం అన్నీ ఒక్కసారే కళ్ళ ముందు ఆడి ఉంటాయి. నన్ను చూశాడు, సంచిని చూశాడు. అప్పుడు అన్నాడు: "ఆ సంచి మా ఆవిడది. సర్దింది కూడా తనే."

నేను ఉక్కును, నాకు సిగ్గు తెలియదు. కానీ ఆ మాటకు చీరల మడతలు కూడా ముడుచుకున్నట్టనిపించింది.

పోలీసు హైమ వైపు తిరిగాడు. ఆమె రోడ్డు పక్కన నిలబడి, చేతిలోని సెమ్మెను చున్నీ చెంగుతో తుడుస్తూ ఉంది. తుడవడం ఆపింది.

"సంచి నాది. అది ఆయనది. ఎప్పుడు పెట్టారో నాకు తెలియదు" అంది, తడబడకుండా.

ఆయన చేతులకు బేడీలు వేసి తీసుకెళ్ళారు. హైమ కారు నడుపుకుంటూ అన్నగారింటికి వెళ్ళింది. ముహూర్తానికి దీపాలు వెలిగాయో లేదో నాకు తెలియదు. నేను ప్లాస్టిక్ సంచిలో పోలీసు గదికి చేరాను. అక్కడ నాలాంటివి బోలెడు. అన్నిటి యజమానులదీ ఒకటే పాట: "మా రాష్ట్రంలో తప్పు కాదు కదా!"

కోర్టు రోజున నన్ను బల్ల మీద పెట్టారు. విరామంలో యుగంధర్ భార్య పక్కన చేరి గొణిగాడు: "పోలీసోడి ముందు నా పేరు చెప్పడానికి నీకు నోరెట్లా వచ్చిందే?"

"నా పేరు చెప్పడానికి మీకెట్లా వచ్చిందో, అట్లాగే."



మొదటి తప్పు గనక జైలు తప్పింది. కొంతకాలం పర్యవేక్షణ అన్నారు, నన్ను స్వాధీనం చేసుకున్నారు. పౌరసత్వం మాత్రం ఎప్పుడో చెప్పలేనంత దూరం జరిగిందని ఆయన లాయరు ఆ బల్ల దగ్గరే వివరించింది. చట్టం ప్రయాణికుడితో పాటు ప్రయాణం చేయదనీ, ఏ రాష్ట్రంలో అడుగుపెడితే ఆ రాష్ట్రానిదే వర్తిస్తుందనీ, ముందే తెలుసుకోవలసిన పూచీ ఆయనదేననీ విడమరిచి చెప్పింది. యుగంధర్ బుద్ధిగా తలూపాడు. అంతా విని, ముందుకు వంగి అడిగాడు:

"అయితే మేడమ్, ఈసారి పది పట్టేది తెచ్చుకుంటే పర్లేదుగా?"

లాయరు ఫైలు మూసేసింది. హైమ లేచి, కారు తాళాలు తీసుకుని, ఆయన కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. కాసేపటికి గానీ ఆయనకు పక్క కుర్చీ ఖాళీ అయిన సంగతి తెలియలేదు.

నన్ను త్వరలో కొలిమిలో వేసి కరిగిస్తారట. నాకేం బాధ లేదు. ఉక్కు కదా, ఒకసారి వేడెక్కితే మరో రూపంలోకి వంగుతుంది. యుగంధర్‌కు ఆ గుణం లేదు.